పత్తి నూగుకు ‘నానో’ గిరాకీ: పరకాల వర్తకం ఎంతవరకు నమ్మవచ్చు?

పరకాల: పత్తి సీజనులో ఇక్కడి యార్డులోను, జిన్నింగ్ మిల్లుల కాటాల దగ్గర అన్నిటికంటె ఎక్కువ మాట పట్టింపు వచ్చేది తేమ మీదనే. భారత పత్తి సంస్థ నిబంధన ప్రకారం 8 శాతం తేమకు పూర్తి మద్దతు ధర. ఆపైన ప్రతి శాతానికి కోత. 12 దాటితే సరుకు వాపసు. 2025–26 సీజనుకు పొడవు పింజ రకానికి క్వింటాలుకు 8,110 రూపాయలు, మధ్యరకానికి 7,710 రూపాయలు మద్దతు ధర కాగా, ఒక శాతం తేమ అంటే రైతుకు ఎనభై రూపాయల మాట. తేమ మీటరు ముల్లు మీద ఇంత పట్టుదల ఉన్న బజారులో, అదే పత్తి నుంచి తీయగల ఒక కొత్త సరుకు నూటికి తొంభై పాళ్లు, ఒక్కొక్కప్పుడు తొంభై ఎనిమిది పాళ్లు నీటితోనే విదేశాలలో అమ్ముడవుతున్నదంటే నమ్మడం కష్టం. ఆ సరుకు పేరు నానోసెల్యులోజ్.

పత్తి, జొన్న చొప్ప, వరి గడ్డి, చెరకు పిప్పి, వెదురు వంటి మొక్కల సరుకు దేని నుంచయినా దీనిని తీయవచ్చునని, ముందు ముందు దీని గిరాకీకి అంతు ఉండదని ప్రచారం బాగానే సాగుతున్నది. ప్రచారంలో నిజం కొంత ఉన్నది. అయితే పత్తి గింజ, నూగు, పత్తి కట్టె బేరం చేసే పరకాల వర్తకునికి అందులో తన వాటా ఎంత అన్నది వేరే లెక్క.

సరుకు ఏమిటి?

దూది అంటేనే నూటికి తొంభై పాళ్లకు మించి సెల్యులోజ్. మొక్కకు బిగువు ఇచ్చే పదార్థం అదే. ఒక్క పత్తి పోగును పట్టి చీల్చుకుంటూ పోతే లోపల అంతకంటె సన్నని పోగులు, వాటి లోపల మరింత సన్నవి ఉంటాయి. చివరికి పత్తి పోగు మందంలో వెయ్యోవంతు దాకా చీల్చిన పోగులను నానోసెల్యులోజ్ అంటారు. నానోమీటరు అనగా మీటరులో వంద కోట్లవ వంతు.

దీనిలో వాడుకలో ఉన్నవి ముఖ్యంగా రెండు రకాలు. సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ఉడికించి తీసే పొట్టి, గట్టి పలుకులు ఒకటి. యంత్రాలలో అధిక పీడనంతో నలిపి తీసే పొడవాటి పోగులు రెండోది. మొదటిదాన్ని ఎండబెట్టి పొడిగా అమ్మగలుగుతున్నారు. రెండోది చిక్కని గంజి మాదిరిగా ఉంటుంది. నూటికి రెండు పాళ్లే పోగు ఉన్నా చెంబు వంచితే జారదు. ఎండబెడితే మాత్రం పోగులన్నీ ఒకదానికొకటి అతుక్కొని, గంజి పెట్టి ఎండవేసిన గుడ్డలాగ బిగిసిపోతాయి. మళ్లీ నీళ్లు పోసినా పూర్వస్థితికి రావు. అందుచేతనే తడి సరుకుగా అమ్మకం. తడిగా ఉంచితే బూజు పట్టే భయం, లారీ కిరాయి భారం ఉండనే ఉన్నాయి.

రెండు శాతం రకం పది టన్నుల లారీ ఎత్తితే అందులో అసలు సరుకు 200 కిలోలు మాత్రమే. మిగిలిన 9,800 కిలోలు నీళ్లు. పది శాతం ముద్ద అయితే ఒక టన్ను. కావున ఈ వ్యాపారంలో ధర ఎప్పుడూ ఎండు బరువు మీద చెప్పుకోవాలి. కిలో ధర విని సంతోషించే ముందు అది తడి కిలోయా, ఎండు కిలోయా అని అడగని బ్రోకరు మొదటి బేరంలోనే దెబ్బ తినగలడు.

పాలు చిలికే యంత్రంతో మొదలు

ఈ సరుకు నిన్న మొన్న పుట్టినది కాదు. సెల్యులోజ్‌ను సల్ఫ్యూరిక్ ఆమ్లంతో విడగొట్టి సన్నని పలుకులను స్వీడన్‌లో బెంగ్ట్ రాన్‌బీ 1949–51 మధ్యనే చూపించారు. పోగుల రకం మాత్రం 1977 ప్రాంతంలో అమెరికాలోని న్యూజెర్సీలో ఐ.టి.టి. రేయానియర్ కంపెనీ ప్రయోగశాలలో పుట్టింది. ఆల్బిన్ టర్బాక్, ఆయన సహచరులు చెక్క గుజ్జును డెయిరీలలో పాల మీగడ విడిపోకుండా కలిపే హోమోజెనైజర్ యంత్రం గుండా పలుమార్లు పంపగా చిక్కని జిగురు వంటి పదార్థం వచ్చింది. 1983లో ఆ వివరాలు వెలువడ్డాయి. ఆహార పదార్థాలకు, రంగులకు, సౌందర్య సాధనాలకు పనికి వస్తుందని అప్పుడే తేలింది. అయినా సరుకు బజారుకు రాలేదు. కారణం కరెంటు ఖర్చు.

ముందుగా ఏ శుద్ధీ చేయకుండా గుజ్జును నేరుగా నలిపితే టన్ను ఎండు సరుకుకు 20 వేల నుంచి 30 వేల యూనిట్ల విద్యుత్తు ఖర్చవుతుంది. యూనిట్ ఎనిమిది రూపాయలు అనుకొని 25 వేల యూనిట్లకు లెక్క వేస్తే టన్నుకు రెండు లక్షలు, కిలోకు 200 రూపాయలు కరెంటుకే సరి. కిలో పత్తికి మద్దతు ధర 81 రూపాయలు. అంటే ముడిసరుకు ఉచితంగా ఇచ్చినా, నలిపే ఖర్చు పత్తి ధరకు రెండున్నర రెట్లు. ఈ ఒక్క అంకె వల్లనే టర్బాక్ కనిపెట్టిన సరుకు పాతికేళ్లు మూలపడి ఉన్నది.

తర్వాత దారి దొరికింది. నలపడానికి ముందు ఎంజైములతో కాని, రసాయనాలతో కాని గుజ్జును మెత్తబరిస్తే కరెంటు ఖర్చు పదో వంతుకు, అంతకంటె తక్కువకు కూడా దిగుతున్నది. టోక్యో విశ్వవిద్యాలయంలో అకిరా ఇసొగాయ్ బృందం టెంపో అనే రసాయనంతో చేసిన పద్ధతికి 2015లో అటవీ పరిశ్రమ రంగంలో పెద్ద బహుమతి అయిన మార్కస్ వాలెన్‌బర్గ్ బహుమతి లభించింది. కరెంటు ఆదా అయినచోట రసాయనం ఖర్చు, కడిగే నీటి ఖర్చు చేరాయన్నది వేరే సంగతి.

ఫ్యాక్టరీలు ఆ తర్వాతే వరుసగా వచ్చాయి. కెనడాలోని విండ్సర్‌లో సెల్యుఫోర్స్ కంపెనీ 2012లో రోజుకు టన్ను పలుకుల రకం తీసే కర్మాగారం తెరిచింది. నార్వేలో బొర్రెగార్డ్ 2016లో ఏడాదికి 1,000 టన్నుల ఎండు బరువు సామర్థ్యంతోను, జపాన్‌లో నిప్పన్ పేపర్ 2017లో ఇషినోమాకిలో 500 టన్నుల సామర్థ్యంతోను ప్రారంభించాయి.

ఈ అంకెలను మన బేళ్లలోకి మార్చి చూడాలి. 170 కిలోల బేలు లెక్కన 1,000 టన్నులంటే ఆరు వేల బేళ్లకు లోపు. మన దేశపు పత్తి పంట ఏడాదికి సుమారు 300 లక్షల బేళ్లు. ప్రపంచంలో పేరు చెప్పుకునే ఒక పెద్ద కర్మాగారం ఏడాది ఉత్పత్తి ఇంతే అయినప్పుడు, దీని మూలంగా నూగు ధరకో, దూది ధరకో తేజీ వస్తుందని సరుకు నిలువ చేసుకోవడం తగదు.

వాడకం ఎక్కడ?

ఉక్కు బరువులో అయిదో వంతు, బలంలో అయిదు రెట్లు అన్నది ఈ సరుకుకు బాగా ప్రచారంలో ఉన్న మాట. అది విడిగా ఒక్క సన్నపోగుకు చెప్పిన బలం. ప్లాస్టిక్‌లో పది పాళ్లు కలిపి అచ్చు పోసిన వస్తువుకు అంత బలం రాదు. కార్ల భాగాలకు వాడవచ్చునని జపాన్‌లో క్యోటో విశ్వవిద్యాలయం, కంపెనీలు కలిసి ఒక నమూనా కారును 2019 టోక్యో మోటారు ప్రదర్శనలో పెట్టారు. ప్రదర్శనలో పెట్టడం వేరు, రోడ్డు మీద అమ్మకం వేరు.

నిజంగా అమ్ముడుపోయిన చోట్లు చిన్నవి. బాల్‌పెన్ను సిరా జారకుండా, రాసేటప్పుడు మాత్రం పలచబడేటట్లు చేయడానికి జపాన్‌లోని మిత్సుబిషి పెన్సిల్ కంపెనీ 2015–16లో వాడింది. వృద్ధుల డైపర్లలో వాసన పీల్చే పొరగా నిప్పన్ పేపర్ బృందం 2015లో బజారులోకి తెచ్చింది. అసిక్స్ కంపెనీ పరుగు బూట్ల అడుగుకు 2018లో కలిపింది. రంగులు, జిగుర్లు, సౌందర్య క్రీములు, సిమెంటు మిశ్రమాలు, చమురు బావుల తవ్వకపు బురద వంటివి కూడ జాబితాలో ఉన్నాయి. వీటిలో చాలావాటికి కావలసినది బలం కాదు, చిక్కదనం. అంటే ఈ సరుకు పోటీ పడేది ఉక్కుతో కాదు. గోరుచిక్కుడు గమ్, సి.ఎం.సి. వంటి చిక్కబరిచే పొడులతో. ఆ పొడులు ఎండువి, బస్తాలలో వస్తాయి, ధర తక్కువ. గమ్ వర్తకం తెలిసినవారికి ఈ పోటీ ఎంత గట్టిదో చెప్పనక్కరలేదు.

టన్నుల లెక్కన పోగలిగే చోటు కాగితం. గుజ్జులో కొద్ది పాళ్లు కలిపితే కాగితం బిగువు పెరిగి, ఖరీదైన గుజ్జు తగ్గించి చవకైన ఖనిజపు పొడి ఎక్కువ వేసుకోవచ్చు. ఫైబర్‌లీన్ అనే సంస్థ ఈ పని కోసం కాగితపు మిల్లు ఆవరణలోనే యంత్రాలు పెట్టి, మిల్లు గుజ్జునే నలిపి, గొట్టం గుండా అక్కడికక్కడే కలిపే పద్ధతి తెచ్చింది. నీళ్లు మోసే లారీ కిరాయి తప్పించుకునే ఉపాయం ఇది. మన ప్రాంతానికి ఇది పెద్ద సూచన. ఇక్కడ ఈ సరుకు టన్నులలో తయారు కావలసి వస్తే, అది సారపాకలోని భద్రాచలం కాగితపు మిల్లు పక్కనో, 2014లో మూతపడి 2018లో తిరిగి నడిచిన కాగజ్‌నగర్ సిర్పూరు మిల్లు పక్కనో, వారి స్వంత గుజ్జుతో తయారయ్యే అవకాశమే ఎక్కువ. పరకాలకు దాకా రాదు.

దేశంలో

మన దేశంలో పత్తి మీద ఈ పని చేసినది ముంబయి మాటుంగాలోని కేంద్ర పత్తి సాంకేతిక పరిశోధన సంస్థ. 1924లో స్థాపించిన ఈ సంస్థ 2015లో పత్తి నూగు నుంచి నానోసెల్యులోజ్ తీసే నమూనా ప్లాంటు నెలకొల్పింది. సామర్థ్యం ఎనిమిది గంటల షిఫ్టుకు పది కిలోలు. పది కిలోలు అని నవ్వవలసిన పని లేదు. రంగుల కంపెనీకో, కాగితం మిల్లుకో పరీక్షకు సరుకు ఇవ్వడానికి పెట్టిన ప్లాంటు అది.

అయితే ఆ అంకెను పరకాల జిన్నింగ్ మిల్లు పక్కన పెట్టి చూడవచ్చు. రోజుకు వెయ్యి క్వింటాళ్ల పత్తి ఆడే మిల్లులో దూది 330–340 క్వింటాళ్లు, గింజ సుమారు 640 క్వింటాళ్లు వస్తుంది. గింజ మీద నూటికి అయిదు కిలోలు నూగు దొరికిందనుకుంటే 32 క్వింటాళ్లు. శుద్ధిలో మూడోవంతు తరుగు తీసేసినా, ఒక్క మిల్లు ఒక్కరోజు నూగు ఆ ప్లాంటుకు రెండు వందల షిఫ్టులకు పైగా సరిపోతుంది.

నూగు ఎక్కడ పోతున్నది?

అసలు చిక్కు ఇక్కడ ఉన్నది. లెక్కలో 32 క్వింటాళ్లు వచ్చిన నూగు నిజానికి బజారులో సరుకుగా లేదు. మన దేశంలో పత్తి గింజలో అధిక భాగం నూగు తీయకుండానే, పొట్టు ఒలవకుండానే ఎక్స్‌పెల్లర్‌లో వేసి ఆడుతారు. నూగు, పొట్టు అన్నీ చెక్కలో కలిసి పశువుల కొట్టానికి చేరుతాయి.

దీనిని నూనె మిల్లుల అజ్ఞానం కింద కట్టివేయడం పొరపాటు. చెక్క తూకం మీద అమ్ముడవుతుంది. నూగు చెక్కలో ఉంటే చెక్క ధరకు పోతుంది. ఒక్క కిలో నష్టం లేదు. పైగా పీచు ఉన్న చెక్కకే పాడిరైతులు అలవాటు పడి ఉన్నారు. నూగు విడిగా తీయాలంటే రంపపు పళ్ల లింటరు యంత్రాలు, కరెంటు, పదును పెట్టే మనిషి, దుమ్ము, బేళ్లు కట్టే ప్రెస్సు అన్నీ కావాలి. నూగు ధర చెక్క ధర కంటె ఈ ఖర్చులన్నీ పోను మిగిలేటంత ఎక్కువ ఉంటేనే మిల్లు యజమాని ముందుకు వస్తాడు. గింజ శుభ్రం చేసి ఆడితే నూనె దిగుబడి పెరుగుతుంది, పొట్టు తీసిన పిండికి మాంసకృత్తులు ఎక్కువ కనుక కోళ్ల దాణా వారు మంచి ధర ఇస్తారు. ఈ మూడూ కలిపి లెక్క వేస్తేనే లింటరు యంత్రానికి పెట్టుబడి గిట్టుతుంది. నూగు ఒక్కదానినే నమ్ముకుంటే గిట్టదు.

నూగుకు నానో కంటె పాత కొనుగోలుదారులు ఉన్నారు. మొదటి కోత నూగు పొడవుగా ఉండి పరుపులకు, వైద్యానికి వాడే దూదికి పోతుంది. రెండో కోత పొట్టిది; కాస్టిక్ సోడాలో ఉడికించి తెల్లబరిచిన తర్వాత నూటికి 98–99 పాళ్లు శుద్ధ సెల్యులోజ్. అది నైట్రోసెల్యులోజ్‌కు, అసిటేట్‌కు, నోట్ల కాగితానికి పనికి వస్తుంది. చెక్కగుజ్జులో ఇంత శుద్ధి రావడం కష్టం. నానో వారు నూగును కోరేది కూడా దీనికోసమే.

ఒక విచిత్రం చెప్పుకోవాలి. విత్తన కంపెనీలు ప్యాకెట్లలో పోసే పత్తి విత్తనం మీది నూగును తీయడానికి ఏళ్ల తరబడి సల్ఫ్యూరిక్ ఆమ్లమే వాడుతున్నాయి. వెనుక రైతులు పేడ నీళ్లలోనో మట్టిలోనో గింజను పులిమి నూగు అణచి విత్తేవారు. ఇప్పుడు ఆమ్లంతో కాల్చి కడిగివేస్తారు. విదేశాలలో సరుకు తీయడానికి వాడే ఆమ్లం, మన వద్ద అదే ముడిసరుకును పారవేయడానికి ఉపయోగపడుతున్నది.

పత్తి కట్టె సంగతి

తెలంగాణలో ఇటీవలి సంవత్సరాలలో పత్తి సాగు సుమారు 45 లక్షల ఎకరాలు. ఎకరానికి టన్ను చొప్పున ఎండు కట్టె వస్తుందనుకున్నా 45 లక్షల టన్నులు. గులాబీ రంగు పురుగు నిలువ ఉండకుండా పంట కాగానే కట్టె తీసివేయాలని వ్యవసాయ శాఖ చెబుతుంది. రైతు నిప్పు పెడతాడు. ఈ కట్టె చూసి నానోసెల్యులోజ్‌కు గని దొరికిందనేవారు ఉన్నారు.

కట్టెలో సెల్యులోజ్ నూటికి నలభై పాళ్ల చిల్లర. పాతిక పాళ్లు లిగ్నిన్ అనే జిగురు. దాన్ని వదిలించడానికి కాస్టిక్ సోడా, తెల్లబరిచే మందులు, వాటి నల్లని మురుగునీటికి శుద్ధి యంత్రం కావాలి. కట్టె తేలిక, చోటు ఎక్కువ తింటుంది. ముప్పై మైళ్లు మోస్తే కిరాయి సరుకు ధరను మింగుతుంది. దొరికేది ఏడాదిలో మూడు నెలలు. బాయిలర్లకు, ఇటుక బట్టీలకు, ముక్కలు చేసి అచ్చులు పోసే కేంద్రాలకు అమ్ముకోవడమే ప్రస్తుతానికి కట్టెకు సూటి దారి.

కమలాపురం జ్ఞాపకం

సెల్యులోజ్ పరిశ్రమ ఈ జిల్లాలకు కొత్త కాదు. పాత వరంగల్ జిల్లా మంగపేట మండలం కమలాపురంలో, ప్రస్తుత ములుగు జిల్లాలో, ఆంధ్రప్రదేశ్ రేయాన్స్ పేరిట రేయాన్ గుజ్జు కర్మాగారం 1980ల ఆరంభం నుంచి నడిచింది. జామాయిలు, వెదురు ముడిసరుకు. గోదావరి నీరు దగ్గర. తయారయిన గుజ్జు కృత్రిమ పట్టు, విస్కోస్ పోగు మిల్లులకు పోయేది. ముడిసరుకు ఉన్నది, నీరు ఉన్నది, పనివారు ఉన్నారు. కాని ప్రధాన కొనుగోలుదారు వెనక్కి తగ్గగానే 2014లో ఉత్పత్తి ఆగింది. కార్మికులు బకాయిల కోసం ఏళ్ల తరబడి తిరిగారు.

పరకాల నియోజకవర్గంలోని సంగెం, గీసుగొండ మండలాలలో 2017లో శంకుస్థాపన జరిగిన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కును కూడా చూడవలసి ఉన్నది. చుట్టూ పత్తి చేలు ఉండగా, అందులో మొదట ఉత్పత్తికి వచ్చినవాటిలో ఒకటి వాడి పారేసిన ప్లాస్టిక్ సీసాల నుంచి పాలియెస్టర్ పోగు తీసే పరిశ్రమ. ముడిసరుకు ఎక్కడ ఉన్నదన్న దానికంటె, కొనేవాడు ఎవరన్నదే ఫ్యాక్టరీ స్థలాన్ని నిర్ణయిస్తున్నది.

దగ్గరి కొనుగోలుదారు

కొనేవాడిని వెదకాలంటే హైదరాబాదు వైపు చూడవచ్చు. మాత్రల తయారీలో మందును గట్టిగా పట్టి ఉంచే తెల్లని పొడి మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్. 1955లో అమెరికాలో బతిస్తా కనిపెట్టిన ఈ పొడి నానోసెల్యులోజ్‌కు అన్న వరుస. సెల్యులోజ్‌ను ఆమ్లంతో ఉడికించి, కడిగి, వేడిగాలిలో ఎండబెడతారు. ఎండు సరుకు, బస్తాలలో వస్తుంది, మందుల కంపెనీలు నిత్యం కొంటాయి. ప్రస్తుతం దీనికి చాలావరకు చెక్కగుజ్జే వాడుతున్నారు. శుద్ధి చేసిన నూగు కూడా పనికి వస్తుంది. కనుక నూగు బేరానికి నానో కంటె ముందు తట్టవలసిన తలుపు ఇది. మందులకు వాడే సరుకు గనుక నమూనా ఇచ్చి, పరీక్షలు దాటి, ఆర్డరు రావడానికి నెలలు కాదు, ఏళ్లు పట్టవచ్చు.

ఇందులో మరో భయం ఉన్నది. సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో ఈ పొడి తయారుచేసే కర్మాగారంలో 2025 జూన్ 30న జరిగిన పేలుడులో ఆచూకీ దొరకనివారిని కలుపుకొని యాభై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. జిన్నింగ్ మిల్లులో నిప్పురవ్వ ఏం చేస్తుందో పరకాల వారికి చెప్పనక్కరలేదు. అదే సెల్యులోజ్ గాలిలో తేలే సన్నని పొడి అయినప్పుడు, రవ్వ పడితే మంట కాదు, పేలుడే. ఎండబెట్టే గది, దుమ్ము లాగే గొట్టాలు, బీమా వీటన్నిటి ఖర్చు మొదటి రోజునే అంచనాలో వేసుకోవలసినవి.

మిల్లుకు నాలుగు లింటరు యంత్రాలు పెట్టదలచినవారు ముందుగా తేల్చుకోవలసినది రెండో కోత నూగుకు ఎండు బరువు మీద, బూడిద శాతం, పొట్టు ముక్కల శాతం రాసుకొని కనీసం ఒక సీజనుకు రేటు కట్టే కొనుగోలుదారుని. అటువంటి రాతకోతలు లేకుండా ‘నానో ప్లాంటు’ అంటూ యంత్రం అమ్మజూపేవారు వస్తే, యంత్రం షిఫ్టుకు ఎన్ని ఎండు కిలోలు ఇస్తుందో, కిలోకు ఎన్ని యూనిట్లు తింటుందో, ఆ సరుకు మొన్నటి నెల ఎవరు కొన్నారో బిల్లు చూపమని అడగాలి. బిల్లు వచ్చేదాకా గింజ ఎక్స్‌పెల్లర్‌కు, చెక్క పాడిరైతుకు వెళుతూనే ఉంటాయి.